ఆమె కనబడని పేజీలో అతను: ప్రేమకథలకు నమ్మదగిన మగ పాత్రను రాయడం

ప్రేమకథలు కొత్తగా రాస్తున్నవాళ్లు చదివి చెప్పమని ఇచ్చే రాతప్రతుల్లో నేను ముందుగా వెతికేది ఒక్కటే: కథానాయిక లేని పేజీలో ఆ మగవాడు ఏం చేస్తున్నాడు? చాలా ప్రతుల్లో అతను ఏమీ చేస్తూ ఉండడు, ఎందుకంటే అలాంటి పేజీయే ఉండదు. ఆమె వానలో చిక్కుకుంటే గొడుగు పట్టుకుని వస్తాడు, ఎవరైనా ఆమెను చిన్నబుచ్చితే వాళ్ల నోరు మూయిస్తాడు, సన్నివేశం కాగానే మాయమై మళ్లీ ఆమెకు కష్టం వచ్చేదాకా ఎక్కడా కనబడడు. అతనికి ఉద్యోగం ఉంటుంది గాని పని ఉండదు, తల్లి ఉంటుంది గాని ఆవిడ ఫోన్ చెయ్యదు, స్నేహితుడు ఉంటాడు గాని వాడికి ఇతని ప్రేమ తప్ప వేరే ధ్యాస ఉండదు.

నా మొదటి నవలికలో నాయకుడూ ఇదే బాపతు. దాన్ని తిప్పి పంపుతూ ఒక సంపాదకురాలు చివరి పేజీ అంచున పెన్సిలుతో ఒకే ప్రశ్న రాశారు, ఇతను మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేస్తాడని. ప్రేమకథకూ భోజనానికీ ఏమిటి సంబంధమని నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆలోచించినా జవాబు దొరకకపోవడంతో ఆ కోపం సిగ్గుగా మారింది. నూట ఇరవై పేజీలు నాతో నడిచినవాడు క్యారేజీ తెచ్చుకుంటాడో, మెస్సుకు వెళతాడో, మధ్యాహ్నం పస్తుంటాడో నాకు తెలియదు.

రూపం వేరు, మనిషి వేరు అన్న సంగతి మన సాహిత్యానికి కొత్తది కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఒకే రూపంతో ఇద్దరు మగవాళ్లున్నారు. మొదటివాడు ప్రవరుడు. దూరదేశాల తీర్థాలు చూడాలని ఎన్నాళ్లుగానో ఉవ్విళ్లూరుతున్న గృహస్థు. సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని హిమాలయాలకు వెళతాడు, మంచుకు ఆ పసరు కరిగిపోయాక తిరిగి రాలేక వరూధిని అనే అప్సరసను ఇంటికి దారి అడుగుతాడు. ఆమె అతన్ని కోరుతుంది, అతను మాత్రం ఇంటినీ, వేళకు చేయవలసిన అగ్నికార్యాన్నీ తలచుకుని తల్లడిల్లుతాడు. రెండోవాడు ఆమె కోసం అదే రూపం ధరించి వచ్చిన గంధర్వుడు. ముఖం, ఒడ్డు పొడుగు, కట్టుబట్ట అన్నీ ప్రవరుడివే గాని ఆ గృహస్థు బెంగ మాత్రం అతనికి లేదు, పైగా వరూధినిని కళ్లు మూసుకొమ్మని షరతు పెట్టవలసి వచ్చింది. ఇవాళ మనం రాస్తున్న ఆరడుగుల నాయకుల్లో ఎక్కువమంది ఈ రెండోవాడి సంతతే, పాఠకురాలు కళ్లు మూసుకుంటేనే వాళ్లు నిలబడగలరు. కాబట్టి పాత్రను తయారుచేసుకునేటప్పుడు ఎత్తు, ఛాయ, కనుబొమలు తర్వాత చూసుకోండి. ఆమె పరిచయం కాకముందు నుంచీ అతను కోరుకుంటున్నది ఏమిటో, ఏ వేళకు ఎక్కడ ఉండకపోతే అతనికి కాలు నిలవదో, ముందు అది రాసుకోండి.

మన అలంకారశాస్త్రం కూడా శృంగార నాయకుణ్ణి అందం బట్టి కాక నడవడి బట్టే విభజించింది. కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయం నాయక ప్రకరణంతోనే మొదలవుతుంది. ఒక్కరినే నమ్ముకున్న అనుకూలుడు, పలువురి మీద సమానంగా ప్రేమ చూపే దక్షిణుడు, ఎదుట తీపిగా ఉండి చాటున వంచించే శఠుడు, తప్పు బయటపడ్డా బెదరని ధృష్టుడు అన్న నాలుగు రకాలు కథలోని రెండో మగవాణ్ణి, అంటే ఆమె చివరకు కాదనబోయే మనిషిని రాసేటప్పుడు ఎక్కువగా పనికివస్తాయి. అతన్ని తాగుబోతుగానో డబ్బు మదమెక్కినవాడిగానో గీసి వదిలేయకుండా శఠుడో ధృష్టుడో తేల్చుకుంటే అతని ప్రతి మాటకూ ఒక తీరు వస్తుంది.

ఇక అసలు పని. మీ నాయకుడికి ఒక వృత్తి ఇవ్వండి, అది మీరు దగ్గరగా చూసినదో, చూసినవాళ్లను అడగగలిగినదో అయి ఉండాలి. కంపెనీ ఎండీ వద్దని అనను గాని, ఎండీ పొద్దున్నే లేచి ఏ కాగితం చూసి గాభరాపడతాడో మీకు తెలిస్తేనే ఆ కుర్చీలో కూర్చోబెట్టండి. నేను ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుంటాను. గుంటూరు మిర్చి యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక కమీషన్ కొట్టు, అందులో ఇరవై ఎనిమిదేళ్ల గుమస్తా. అతని పేరు కోటేశ్వరరావు. నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో కోటప్పకొండ దేవుడి పేరు పెట్టుకున్న కోటేశ్వరరావులు కొల్లలు, ఇంట్లో కోటి అంటారు, స్నేహితులు కోటిగా అంటారు. పేరు దగ్గరే నమ్మకం మొదలవుతుంది; ఆ ఊళ్లో ఆ ఏళ్లలో పుట్టిన రైతుబిడ్డకు ఆర్యన్ అనో రుద్రాంశ్ అనో పేరు పెడితే ఆ పేరు పెట్టిందెవరో కూడా మీరు చెప్పవలసి వస్తుంది.

ఇప్పుడు అతని రోజు. రాత్రి నుంచే లారీలూ ట్రాక్టర్లూ యార్డులోకి వస్తుంటాయి, తెల్లవారేసరికి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దించి రైతువారీగా వరసలు కట్టి ఉంటాయి, కోటి ఆ వరసల మధ్య తిరిగి ఎవరివి ఎన్ని టిక్కీలో రాసుకుంటాడు. కొనేవాళ్లు వచ్చి గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు, అంటే రంగు పోయిన కాయ, ఎంత కలిసిందో చూస్తారు. తర్వాత ధర తేలడం, కాటా, హమాలీల కూలి, రైతుకు లెక్కల పట్టీ రాసివ్వడం, అనుకున్న ధర రాని రైతు ముఖం చూడలేక పుస్తకంలోకి తల దించుకోవడం. ఈ చివరిది రాయడం మరవకండి, ఎందుకంటే కోటి నాన్న కూడా మిరప రైతే, ఎదుట నిలబడ్డ ప్రతి రైతులోనూ అతనికి నాన్న కనబడతాడు. ఆ పూట అతను కథానాయికతో సరిగ్గా మాట్లాడకపోతే కారణం ఆమె కాదని పాఠకులకు తెలుస్తుంది, ఆమెకు తెలియదు. ప్రేమకథలో అపార్థం ఇలా పుట్టాలి గాని ఎవరో పంపిన దొంగ ఉత్తరంతో కాదు.

పని ఇస్తే దానితోపాటు ఒక క్యాలెండరు కూడా వస్తుంది. మిర్చికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ముమ్మరం, మే నెలలో ఎండలకు యార్డుకు సెలవులిస్తారు. అంటే మీ ప్రేమకథ ఫిబ్రవరిలో మొదలైతే కోటికి తీరిక ఉండదు, మేలో అయితే తీరిక ఉంటుంది గాని ఊరికి వెళ్లిపోవలసి రావచ్చు. ఎడబాటును మీరు కల్పించనక్కరలేదు, వృత్తే తెచ్చిపెడుతుంది.

శరీరం గురించి. కండలు వర్ణించే చోట చేతులను చూడండి. ప్రేమకథల్లో అరిగిపోయిన సన్నివేశం ఒకటి ఉంది: ఆమె కంట్లో నలుసు పడుతుంది, అతను దగ్గరికి వచ్చి రెప్ప పైకెత్తి ఊదుతాడు. కోటితో అది రాసి చూద్దాం. గుంటూరు బ్రాడీపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే లావణ్య అతని బండి వెనక కూర్చుని వస్తుండగా కంట్లో దుమ్ము పడింది. అతను బండి ఆపాడు.

"ఒకసారి చూడండి, బాగా మండుతోంది."

అతను ఒక అడుగు వెనక్కి వేసి చేతులు రెండూ వీపు వెనక పెట్టుకున్నాడు.

"నా చేతులొద్దండి. కారం."

"కడుక్కున్నారుగా?"

"కడిగితే పోదండి. కొబ్బరినూనె రాసి రుద్దినా వాసనే పోతుంది." సీటు కింద నుంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి ఆమె చేతికిచ్చి, అటు తిరిగి నిలబడ్డాడు.

ముట్టుకోకపోవడంలో ఎంత దగ్గరితనం ఉందో చూడండి. సీజన్ పొడుగునా ఇతను తన కళ్లు తాను నలుపుకోడు, అక్క కూతుర్ని ఎత్తుకోడు, ఇంటికి రాగానే చొక్కా విడిగా ఆరేస్తాడు. ఇవన్నీ ముందే ఒకటి రెండు చోట్ల చెప్పి ఉంటే, జూన్‌లో ఒక రోజు అతను మొదటిసారి ఆమె చెంప మీద చెయ్యి వేసినప్పుడు పక్కన ఒక్క విశేషణం కూడా పెట్టనక్కరలేదు.

మగవాడి మాట తీరు దగ్గర ఎక్కువమంది తడబడతారు. నాయకుడు మౌనంగా ఉంటాడు, లేకపోతే కవిత్వం చెబుతాడు, ఈ రెండింటికీ మధ్య ఏమీ ఉండదు. నిజానికి మన మగవాళ్లు మనిషిని బట్టి భాష మారుస్తారు, ఒకే రోజులో కోటి అయిదు రకాలుగా మాట్లాడతాడు: షావుకారుతో, హమాలీ మేస్త్రీతో, స్నేహితుడితో, అమ్మతో, లావణ్యతో. నాన్నతో అయితే అసలు మాట్లాడడు, సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాడు.

"తిన్నావా?"

"ఆఁ. నువ్వు?"

"ఆఁ. డబ్బులున్నాయా?"

"ఉన్నాయి."

"సరే, అమ్మకిస్తున్నా."

ఈ సంభాషణకు ముందు పేజీలో కోటి జేబులో రెండు వందలే ఉన్నాయని పాఠకులకు తెలిసి ఉంటే, ఆ "ఉన్నాయి" అన్న మాట ఒక అధ్యాయం పని చేస్తుంది. ఇక స్నేహితులు. మగ స్నేహితులు ప్రేమ సంగతి తెలిసిన వెంటనే భుజం తట్టి ధైర్యం చెప్పరు, ముందు ఓ పది రోజులు ఏడిపిస్తారు, ఆ తర్వాత అవసరమైన రాత్రి బండి తాళాలు అడగకుండానే చేతిలో పెడతారు.

సంబోధన మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి, తెలుగు ప్రేమకథకు ఇది దొరికిన వరం. పరిచయమైన కొత్తలో కోటి, లావణ్య ఒకరినొకరు మీరు అనుకుంటారు, ఇద్దరి మాటల చివరా "అండి" ఉంటుంది. ఒక రాత్రి ఆమెను ఇంటి సందు దగ్గర దింపి "జాగ్రత్తగా వెళ్లు" అంటాడు, వెళ్లండి అనడు. ఆమె నాలుగడుగులు వేసి ఆగుతుంది. అతను కూడా తాను అన్న మాటను గ్రహించి బండి స్టార్ట్ చెయ్యడం మరచిపోతాడు. ఒక్క "అండి" రాలిపోవడంతో అయిపోయే పనికి కొందరు రచయితలు ఒక పేజీ ఖర్చు చేస్తారు. అయితే ఈ ఉపాయం అన్ని చోట్లా ఒకేలా పారదు. తెలంగాణలో చాలా పల్లె ఇళ్లలో పెద్దవాళ్లను కూడా నువ్వు అనే పిలుస్తారు, అందులో అమర్యాద లేదు. కరీంనగర్ పల్లె నుంచి వచ్చిన నాయకుడు ఆమెను మొదటి రోజే నువ్వు అన్నా చనువు తీసుకున్నట్టు కాదు, అతని మనసు మారిందని చూపడానికి మీరు వేరే గుర్తు వెతుక్కోవాలి. పెళ్లయ్యాక అతను ఆమెను పేరు పెట్టి పిలుస్తాడా, ఏమేవ్ అంటాడా, అందరి ముందూ ఒకలా పిలిచి ఇంట్లో వేరేలా పిలుస్తాడా అన్నది ఇంటింటికీ మారుతుంది. మీ పాత్ర ఏ ఇంట్లోంచి వచ్చాడో అక్కడ విన్నదే రాయండి.

కథ అతని కళ్లలోంచి చెబుతున్నట్టయితే, అతని కళ్లకు ఆనేవే రాయండి. రచయిత్రికి చీరలు తెలుసు కాబట్టి నాయకుడు ఆమెను చూడగానే నెమలికంఠం రంగు మంగళగిరి పట్టు, నిజాం అంచు అనుకున్నాడని రాసేస్తారు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడో బట్టల కొట్టువాడో అయితే తప్పకుండా అనుకుంటాడు. కోటి అనుకోడు. అతనికి తెలిసింది ఎరుపు. తేజ అనే మిరప రకంలో మేలైన కాయకూ, నిల్వ ఉండి నల్లబడుతున్న కాయకూ మధ్య ఎన్ని ఎరుపులున్నాయో అతను చెప్పగలడు, కాబట్టి ఆమె కట్టుకున్నది కొత్త కాయ ఎరుపు అని అతని మనసులో మెదలడంలో ఉన్న నిజం ఏ పట్టు పేరులోనూ లేదు. దీన్ని మాత్రం పైకి అనిపించకండి, ఆమెను మిరపకాయతో పోల్చాడని పాఠకులు నవ్వుతారు.

డబ్బు లెక్క రాయడానికి మొహమాటపడవద్దు. వారపత్రికల సీరియళ్లు వెలిగిన దశాబ్దాల్లో నాయకుడి సంపద పాఠకురాలికి ఒక ఊరట అన్నది నిజమే, ఇవాళ ఫోన్లో రోజుకో భాగం చదివే పాఠకులకూ ఆ ఊరట కావాలి. అయినా ధనవంతుడికైనా లెక్క ఉంటుంది. కోటి లెక్క ఇది: జీతం, ఊళ్లో నాన్న కౌలు, అక్క పెళ్లికి తెచ్చిన అప్పు, నెలనెలా కడుతున్న చీటీ. ఆ చీటీ పాడి డబ్బు దేనికి వాడతాడన్నది కథలో నిర్ణయాత్మకమైన మలుపు కావచ్చు. పెళ్లి మాటలు మొదలై అతని తల్లి కట్నం ఊసెత్తినప్పుడు అతను ఏం చేస్తాడో తప్పక రాయండి. చట్టం 1961 నుంచీ కట్నాన్ని నిషేధిస్తూనే ఉంది, ఇళ్లలో దానికి లాంఛనాలనో మర్యాదలనో పేరు మార్చి అడుగుతూనే ఉన్నారు. అక్కడ "అమ్మ మాట కాదనలేను" అని తల దించుకునే మగవాడు నమ్మదగినవాడే, కాని నాయకుడా అన్నది మీరు తేల్చుకోవాలి. అలాగే కులం. ఆ ప్రస్తావన రాకుండా పెళ్లిదాకా వెళ్లే తెలుగు ప్రేమకథలో ఆ మగవాడి ఆలోచనల్లోంచి ఒక గదికి గదే తాళం వేసినట్టుంటుంది. ఆమె ఇంటిపేరు విన్న క్షణాన అతను ఏం లెక్కవేశాడో ఒక్క వాక్యంలోనైనా చెప్పండి.

వెంటపడటం గురించి కాస్త కటువుగానే చెబుతాను. ఆమె కాదన్నాక కూడా మూడు వారాలు బస్టాపులో కాపుకాసి, ఫోన్ నంబరు ఎవరినో అడిగి సంపాదించి, రాత్రిపూట ఆమె ఇంటి ముందు నిలబడే మగవాణ్ణి ఇప్పటికీ గాఢ ప్రేమికుడిగా రాస్తున్నారు. 2013లో చేసిన సవరణతో ఇది భారత శిక్షాస్మృతిలో విడిగా నేరమైంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే. 2014లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల భద్రతకు పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాక ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. అంటే మీ కథానాయిక ఎందుకు ఫిర్యాదు చెయ్యలేదన్న ప్రశ్నకు కథలోనే జవాబుండాలి. చెయ్యి చేసుకుని ఆ తర్వాత ఏడ్చే నాయకుడిదీ ఇదే దారి. అలాంటి మగవాళ్లు లోకంలో లేరని కాదు, వాళ్లను రాయవచ్చు, కాని ఆ చెంపదెబ్బను ప్రేమకు కొలతగా చూపించిన పేజీలో రచయితే అబద్ధమాడుతున్నట్టు.

అలాగని అతన్ని తప్పు చెయ్యనివాడిగా మార్చకండి. తప్పు ఉండాలి, దానికి నష్టం కూడా ఉండాలి. కాఫీ ఎక్కువ తాగుతాడు, మొండివాడు లాంటి ముద్దొచ్చే లోపాలు లెక్కలోకి రావు. కోటి తప్పు ఏమిటంటే, అప్పు సంగతి లావణ్యకు చెప్పకుండా దాచాడు. ఆమె జీతం తనకంటే ఎక్కువని తెలిసిన రోజు నుంచి హోటల్ బిల్లు తానే కట్టాలని పంతం పట్టి చేబదుళ్లు చేశాడు. అది బయటపడ్డాక మనవాళ్లు సాధారణంగా క్షమాపణ చెప్పరు, దానికి బదులు గ్యాస్ బుక్ చేస్తారు, పాడైన ఫ్యాను బాగుచేయిస్తారు, అడగకుండా మందులు తెచ్చి బల్ల మీద పెడతారు. ఈ అలవాటును రాయండి, అది నిజం. కాని ప్రేమకథలో ఒక్కసారైనా అతను నోరు తెరిచి "నీకు చెప్పకుండా దాచాను, తప్పు నాది" అనాలి, ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో కనబడాలి. ఫ్యాను బాగుచేస్తే సరిపోతుందనుకునే మగవాడితో జీవితకాలం ఎలా ఉంటుందో పాఠకురాళ్లకు బాగా తెలుసు.

ప్రేమ ప్రకటనకు కూడా ఇదే కొలత పెట్టి చూడండి. "నువ్వు లేని జీవితం శూన్యం" అన్న వాక్యం ఏ మగవాడి నోట పెట్టినా సరిపోతుంది, అదే దానితో చిక్కు. కోటి నోట మాత్రమే సరిపోయే వాక్యం కావాలి. శివరాత్రికి కోటప్పకొండకు పల్లెల నుంచి ప్రభలు, అంటే అలంకరించిన ఎత్తైన చట్రాలు, వస్తాయి. ఆ పండగకు రెండు రోజుల ముందు అతను ల్యాబు దగ్గరికి వచ్చి, "ఎల్లుండి కొండకి మా ఊరి ప్రభ వస్తోందండి. అమ్మ కూడా వస్తుంది. మీరు..." అని ఆగిపోతాడు. అమ్మ కూడా వస్తుందన్న మాటతో చెప్పవలసింది చెప్పేశాడు. ఆమెకు అది అర్థమైందో లేదో తెలియక అతను హెల్మెట్ పట్టీని పెట్టీ తీసీ చేస్తుంటాడు.

రోజుకో భాగం చొప్పున ఆన్‌లైన్‌లో రాసేవాళ్లకు ఒక చిన్న సూచన. ముప్పయ్యో భాగానికి వచ్చేసరికి పాఠకుల వ్యాఖ్యలను బట్టి నాయకుడు మెత్తబడటమో, ఉన్నట్టుండి కోటీశ్వరుడి రహస్య వారసుడు కావడమో జరుగుతుంటుంది. మొదలుపెట్టే ముందే అతని గురించి ఒక పేజీ రాసి పెట్టుకోండి: ఎక్కడ తింటాడు, ఎవరికి బాకీ, ఎవరి ముందు గొంతు తగ్గుతుంది, ఏ మాట అంటే తిరగబడతాడు, ఆమెకు ఏం దాస్తున్నాడు. ప్రతి భాగం పెట్టే ముందు ఆ పేజీ ఒకసారి చూడండి.

చివరగా, ఆ వృత్తిలో ఉన్నవాళ్లలో ఒకరికైనా ఆ అధ్యాయాలు చదివి వినిపించండి. ప్రేమ సంగతి వాళ్లు పట్టించుకోరు, అదే మంచిది. కోటి కథ మొదటి ప్రతిలో నేను మార్చి నెల సాయంత్రం నాలుగింటికి అతన్ని లావణ్యతో పార్కులో కూర్చోబెట్టాను. యార్డులో పనిచేసే ఒకాయన విని, "మార్చిలో గుమస్తాని నాలుగింటికి ఎవడు వదుల్తాడండీ?" అని అడిగాడు. పార్కు సన్నివేశం కొట్టేశాను. దాన్ని రాత్రి తొమ్మిదింటికి, సగం దించిన ల్యాబు షట్టర్ ముందుకు మార్చవలసి వచ్చింది. అతను కొట్టు నుంచి నేరుగా వచ్చాడు, మధ్యాహ్నం తినలేదు, ఆమె క్యారేజీలో మిగిలిన పెరుగన్నం మూతలో పెట్టి ఇచ్చింది, అతను చేతులవైపు చూసుకుని చెంచా ఉందా అని అడిగాడు.